అక్కకు నల్లుల్లేని మంచం

పట్నంలో ఎవరింట్లో ఎన్ని నల్లులున్నాయో మొగులయ్యకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తెలియకేం చేస్తుంది, నులక మంచాలు అల్లేవాడాయె. పైన ఎంత తెల్లని దుప్పటి పరిచినా, నులక విప్పి పట్టె ఊడదీశాక కోడు బెజ్జంలో ఏముందో దాచడం ఎవరి తరం? మొఘల్‌పురా నుంచి చాంద్రాయణగుట్ట దాకా సత్రాలవాళ్లు, పూటకూళ్లవాళ్లు, సంసారులు అందరూ అతని చేతికి మంచాలు అప్పగించినవాళ్లే. వాళ్ల గుట్టంతా అతని కడుపులో ఉండేది.

ఆ గుట్టు ఏనాడూ బయటపెట్టలేదు మహానుభావుడు. "పనోనికి కండ్లుండాలె, నోరుండొద్దు" అని వాళ్ల బాపు చెప్పిన మాట. ఊరునుంచి వచ్చినవాళ్లు "అన్నా, తక్కువల మంచి బస యాడుంది?" అని అడిగితే, "అన్ని మంచియే" అనేసి తాడు పేనుకుంటూ కూర్చునేవాడు. వాళ్లు వెళ్లి రాత్రంతా గోక్కునేవాళ్లు. అదేం మంచితనమో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు.

మొగులయ్యది పుర్రచేయి వాటం. చిన్నప్పుడు అన్ని ముడులూ తలకిందులుగా పడేవి, బాపు వీపు విమానం మోత మోగించేవాడు. తల్లి లేని పిల్లవాడు. ఏడేళ్లు పెద్దదైన అక్క వరమ్మే అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "నా చెయ్యి చూడు, అద్దంల చూసినట్టు చెయ్యి" అని నేర్పింది. అట్లా అతని ముడి గట్టిగానే పడేది గానీ లోకమంతా వేసే ముడికి ఎదురు తిరిగి ఉండేది. నేర్పిన అక్క పదిహేనో ఏట పెళ్లయి షాద్‌నగర్ దిక్కు ఒక పల్లెకు వెళ్లిపోయింది. పశువులు, పొలం, జ్వరాలు. ఇరవై ఏళ్లు గడిచినా ఒక్కసారీ తమ్ముడి ఇంటి గడప తొక్కలేదు.

పందొమ్మిది వందల ముప్పై ఏడో సంవత్సరం, వానలు వెనకపట్టిన రోజుల్లో అక్క నుంచి కార్డు ముక్క వచ్చింది. ఎవరో బడిపంతులుచేత రాయించింది. "మీ బావ పానం బాగైంది. గుట్ట మొక్కున్నది. మంగళారం కాచిగూడల దిగుతం. నీ ఇంట్ల రెండు దినాలుండి పట్నం చూసి, బేస్తారం గుట్టెక్కి, ఆ రాత్రి ఆడనే పండి, శుక్కురారం ఊరికి పోతం."

మొగులయ్య ఆ కార్డును పది మందికి చూపించాడు. చదవడం రాకపోయినా చూపించాడు.

ఇంతలో ఆదివారం పొద్దున అతని భార్య నీలమ్మ, లెక్క ప్రకారం ఇంకా ఇరవై రోజులుండగానే, మగపిల్లవాణ్ణి కన్నది. తల్లీ బిడ్డా క్షేమం. సంతోషమే. కానీ ఇల్లు పురిటిల్లయింది. మొక్కు మీద ఉన్నవాళ్లు పురిటింట్లో కాలు పెట్టకూడదు, నీళ్లు తాగకూడదు. ఉన్నది ఒకటే అర్ర, బాలింతను ఎక్కడని పక్కకు పెడతాడు?

"అయ్యో, నా మూలంగనే గిట్లాయె" అన్నది నీలమ్మ బాలింత మంచం మీదనుంచి.

"నీదేముంది. పోరనికి జల్దీ ఉండె" అన్నాడు మొగులయ్య. పైకి అట్లా అన్నాడంతే. తల్లిలా పెంచిన మనిషి ఇరవై ఏళ్లకు వస్తుంటే గడప బయటనుంచే పంపాలి. అసలే పౌరుషం మనిషి. ఎవరిదో పెళ్లిలో పెరుగు చివరి బంతికి అందలేదని మూడేళ్లు ఆ ఇంటివాళ్లతో మాట్లాడలేదు. ఇప్పుడు ఆమెను నల్లుల సత్రంలో పడేస్తే, జన్మలో మళ్లీ తమ్ముడని పిలుస్తుందా?

సోమవారం తెల్లవారగానే బసకోసం బయలుదేరాడు. నది అవతల సత్రం ఉచితమే. కానీ పోయిన నెలే అక్కడ పన్నెండు మంచాలు విప్పాడు. ఆ బెజ్జాలు తలచుకుంటేనే ఒళ్లు జలదరించింది. దాని వాకిలి దాటి వెళ్లిపోయాడు. ఇంకో సత్రంలో మంచాలు పర్వాలేదు గానీ బావి పక్కనే పాయిఖానా. శాలిబండ పైన బాబురావు పూటకూళ్ల ఇంటికి వెళ్లాడు.

"మా అక్క, బావ రెండు దినాలుంటరు. మంచి మంచాలుంటే చూపు."

"నువ్వల్లినయే గద, మళ్ల చూసుడేంది?" అన్నాడు బాబురావు.

మొగులయ్య మంచం వంచి, బెజ్జంలో బొటనవేలు పెట్టి తిప్పి తీశాడు. వేలు ఎర్రగా వచ్చింది. ఆ వేలును బాబురావు ముక్కు కింద పెట్టాడు. ఇరవై ఏళ్ల నోటికట్టు ఆ పూట తెగింది.

"నేనల్లింది మంచం. గీళ్లను నువ్వు పెంచుకుంటున్నవు."

"నల్లుల్లేని బస పట్నంల యాడుంది భాయ్? ఉంటే చెప్పు, నేను గూడ పోయి పండుకుంట" అన్నాడు బాబురావు సిగ్గు లేకుండా.

నిజానికి ఒకచోట ఉంది. ఆ సంగతి మొగులయ్యకు పొద్దుటినుంచే తెలుసు. తెలిసీ అటు వెళ్లడానికి జంకుతున్నాడు. మొఘల్‌పురాలోనే, అతని సందుకు రెండు సందుల అవతల కుల్సుంబీ ఇల్లు. భర్త పోయినప్పటినుంచి ముందరి అర్ర తెలిసినవాళ్లకు రోజుకు రెండణాల చొప్పున ఇస్తుండేది. వారానికోసారి మంచాలు ఎండకు నిలబెట్టి, బెజ్జాల్లో సలసల కాగే నీళ్లు పోయించేది. ఆ ఇంటి మంచం విప్పితే దుమ్ము తప్ప ఏదీ రాలదు. కానీ ఆమె సాయెబుల ఆడమనిషి, వీళ్లేమో గుట్టకు మొక్కు మీద వస్తున్నవాళ్లు. మడి, ఆచారం అని అక్క పేచీ పెడితే? తన ఇల్లూ కాక, సత్రమూ కాక, తీసుకొచ్చి ఇక్కడ దింపాడేమిటని అంటే?

పొద్దు వాలింది. వేరే దారి లేదు. వెళ్లి పరదా ఇవతల నిలబడ్డాడు.

"బీబమ్మా, మా అక్క వస్తున్నది. మొక్కు మీద ఉన్నది. మా ఇంట్ల పురుడు."

"అరె, గంత పరేషాన్ ఎందుకు? తీస్కరా" అన్నది లోపలినుంచి కుల్సుంబీ. "వాకిట్ల కొత్త పొయ్యి పెట్టిస్త. కొత్త కుండలు నువ్వు తెచ్చుకో. వాళ్ల వంట వాళ్లదే. నా బిడ్డలు గూడ అటు దిక్కు రారు."

మంగళవారం కాచిగూడలో రైలు దిగింది వరమ్మ. చేతిలో మూట, వెనక బక్కచిక్కిన భర్త గుండయ్య. గుర్రపు తాంగా ఎక్కాక మొగులయ్య కొడుకు పుట్టిన సంగతి చెప్పాడు. ఆమె ముఖం వెలిగి, అంతలోనే వాడిపోయింది.

"మరి నీ ఇల్లు చూడకుండనే పోవాల్నారా?" అన్నది. మొగులయ్యకు ఆ మాట కన్నా బాపు దెబ్బలే నయమనిపించింది. తాంగా నది దాటింది, చార్మినారు దాటింది, ఆమె తలెత్తి ఏదీ చూడలేదు.

కుల్సుంబీ ఇంటి ముందు తాంగా ఆగింది. గుమ్మానికి గోనెపట్టా పరదా. గోడ పక్కన సాయెబుల ఇళ్లలో ఉండే కొమ్ముచెంబు, టోంటీ లోటా. వరమ్మ అటూ ఇటూ చూసింది.

"సాయెబులోళ్ల ఇల్లారా ఇది?"

మొగులయ్య చేతులు జోడించాడు. "తప్పయితే చెప్పుతోని కొట్టక్కా. పట్నమంత తిరిగిన. సత్రాలల్ల నల్లులు, మురికి. ఇంత సాఫ్ ఇల్లు ఇంకోటి లేదు. గుట్టకు పోయేటోళ్లు గిట్లాంటి చోట దిగొద్దని నాకెరికే, గని..."

"ఎందుకు దిగొద్దు? ఏ గుట్టకనుకున్నవు?"

"ఏ గుట్టేంది, గుట్టంటే నర్సిమ్మసామి గుట్టే గద."

వరమ్మ అతనివంక ఒక్క క్షణం చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోంది. "మౌలాలి గుట్టరా పిచ్చోడా. మీ బావ జరంల పడ్డప్పుడు మౌలాలి సామికి మొక్కిన. మా ఊళ్లె గుట్టంటే అదే. మూటల బెల్లం, గోధుమపిండి చూస్తలేవా, మలీద చెయ్యనీకె."

బేస్తవారమంటే దర్గాలకు పోయే రోజు, ఆ రోజు గుట్టెక్కుతాం అన్నప్పుడే అనుమానం రావలసింది. కానీ చిన్నప్పుడు బాపు భుజాల మీద ఎక్కిన గుట్ట నర్సిమ్మసామిదొక్కటే మరి. మొగులయ్య తాంగా చక్రం పట్టుకుని అక్కడే చతికిలబడ్డాడు. రెండు రోజులుగా మోసిన బరువు ఒక్క మాటతో దిగిపోయింది.

పరదా వెనకనుంచి కుల్సుంబీ నవ్వు వినబడింది. "మౌలాలికా? మా ఆడబిడ్డ ఇల్లు గుట్ట కిందనే ఉన్నది. బేస్తారం రాత్రి ఆడ పండుండ్రి, చిట్టీ రాయించిస్త. ఆమె నాకన్న సాఫ్ మనిషి, మంచాలు రోజూ కడుగుతది."

"రోజూ కడిగితే నా నులక కుళ్లిపోద్దా?" అన్నాడు మొగులయ్య. రెండు రోజుల్లో అతనికి మొదటిసారి హాస్యం వచ్చింది.

అయినా ఒక ముల్లు మిగిలింది. బస దొరికింది, మురికి తప్పింది, కానీ అక్క తన ఇంట్లో పడుకోలేదు. బుధవారం పొద్దున్నే పాలచెంబుతో వెళ్లాడు. గుండయ్య వాకిట్లో వేపపుల్ల నములుతూ కనబడ్డాడు.

"బావా, నిద్ర పట్టిందా?"

"నాకా? ఏడాది సంది గంత నిద్ర లేదు. మీ అక్కనే, పండుకోకుండ మంచం కింద చెయ్యి పెట్టి ఏందో తడుముకుంట ఉండె."

మొగులయ్యకు అర్థమైపోయింది. నల్లే. ఒక్కటైనా మిగిలి ఉంటుంది. అర్రలోకి పరుగున వెళ్లాడు.

వరమ్మ మంచం మీదే కూర్చుని ఉంది. "ఇటు రారా" అని అతని చేయి పట్టుకుని, పట్టె కింద నులక చివర కట్టిన ముడి మీద పెట్టింది.

"ఇది నీదేనా?"

"నాదే."

"చేతికి తగలంగనే తెలిసింది. లోకంల ఇట్ల ఎదురు ముడి వేసేటోడు ఇంకొకడు లేడు. నేర్పింది నేనే గద." ఆమె కళ్లు నిండాయి, దాచుకోలేదు. "నీ ఇంట్ల పండలేదని బాధపడుకుంట ఒరిగిన. గీ ముడి దొరికినంక ఆ బాధ పోయింది. తమ్ముడు అల్లిన మంచం మీదనే పండుకున్న గద."

మొగులయ్య పాలచెంబు కింద పెట్టి, చిన్నప్పటిలా ఆమె ఎదురుగా నేలమీద కూర్చుని ఏడ్చాడు. ఆమె ఏడవనిచ్చింది.

"సాలు తియ్యి" అన్నది కాసేపటికి. "పురుడెల్లినంక పిల్లగాన్ని చూడ మళ్ల వస్త, అప్పుడు నీ ఇంట్లనే పండుకుంట. నీ ఇంటి మంచం ఎట్లున్నది?"

మొగులయ్య తల గోక్కున్నాడు. ఇరవై ఏళ్లుగా లోకం మంచాలు బిగించినవాడి ఇంట్లో ఉన్న మంచం ఒక్కటే, అదీ నడుమ ఉయ్యాలలా దిగబడి ఉంది.

"నువ్వొచ్చేలోపల అల్లి పెడతనక్కా" అన్నాడు.