తిరుగుతుండగా కొలవాలి

కరెంటుకు కులం లేదంటారు. ఒకే ట్రాన్స్‌ఫార్మరు నుంచి వచ్చేది పై ఊరికైనా కాలనీకైనా ఒకటేనని చదువుకున్నవారే నమ్మకంగా చెబుతారు. వినడానికి మర్యాదైన మాట. ముదిగుబ్బ దగ్గరి ఒక పల్లెలో, మోటార్లు బాగుచేసే సారా అనే అమ్మాయి చేతిలో, అది నిలవలేదు.

సారా ఐటీఐలో పని నేర్చి, కాలిన మోటార్లకు మళ్లీ రాగితీగ చుట్టి బతుకుతుంది. బోర్లు అడుగంటే ఆ నేలలో ఆమెకు పనికి కొదవ లేదు. ఆమె కాలనీలోని మంచినీళ్ల మోటారు మాత్రం ఎన్నిసార్లు చుట్టినా కొన్నాళ్లకే మాడిపోయేది. చుట్టిన మోటారును ట్రాన్స్‌ఫార్మరు పక్కనున్న, పై ఊరి కిరణ్ కళ్లంలో, తొట్టి నీళ్లు తోడించి చూశాకే బిగించడం ఆ ఊరి అలవాటు. అక్కడ అది చక్కగా తిరిగేది. అందుకే నింద సారా మీద పడింది.

“ఏమ్మే సారా, పైన తిరిగేది మన కాడికొస్తే మాడిపోతాండాది. నీ పనితనం పైవాళ్లకేనా?” అని పొరుగింటి నల్లమ్మ అందరి ముందూ దెప్పింది.

మోటారును మళ్లీ చుట్టి బిగించిన రోజున సారా కిరణ్‌ను పిలిచింది. అతను ఇంజనీరింగ్ చదివినవాడు. కాలనీకి లైను లాగిన కాంట్రాక్టరు కూడా. మోటారు ఆపించి, కళ్లంలో ఒకసారి, కాలనీ స్విచ్చు దగ్గర ఒకసారి మీటరు పెట్టాడు.

“చూడమ్మా, ఆడా ఈడా ఓల్టేజీ ఒకటే. రెండూ ఒకే సర్క్యూటు.”

“ఆపి చూస్తే ఒకటే ఉంటాదన్నా. తిరుగుతాండగా చూడు” అంటూ సారా స్విచ్చు వేసింది. మీటరులో అంకె పడిపోయింది.

కాలనీకి లాగినది పొడవాటి సన్నని తీగ. ప్రవాహం లేనంతసేపు అది ఏమీ మింగదు. మోటారు కరెంటు లాగగానే ఓల్టేజీలో కొంత తానే మింగి, మిగిలినది వదులుతుంది. చాలీచాలని ఓల్టేజీతో అదే పని చేయబోయి, ఎక్కువ కరెంటు లాగి, వేడెక్కి మోటారు కాలుతుంది. కాగితం మీద రెండు లైన్లదీ ఒకే బొమ్మ. కాని మోటారులాంటి ఏ బరువు తగిలించినా చివరన ఓల్టేజీ ఒకేలా నిలిచినప్పుడే రెండు సర్క్యూట్లు సమానం. ఎవరూ ఏమీ అడగనంతవరకే నిలిచేదాన్ని సమానత అనడం మోసం.

కిరణ్ తడబడలేదు. “నాకు తెలీదా సారా? పైవాళ్ల పనులే తెమలకుంటే మీది యాడ ముట్టుకునేది? నీ అంగడి కళ్లం కాడికి తెచ్చుకో, మంచి లైను ఇస్తా.”

తెలియనితనాన్ని క్షమించవచ్చు. తెలిసి, అబద్ధం నిజంలా కనిపించే వేళ చూసి మీటరు పెట్టే చదువును ఏమని పిలవాలి? పైగా దానికి పరిహారంగా ఒక్క మనిషికి మంచి కరెంటు!

సారా అంగడి కదల్చలేదు. కొద్దిరోజుల్లో మోటారు మళ్లీ కాలింది. తాను చుట్టిన ప్రతిసారీ, మార్చే అవసరం రాకుండా ఆ సన్నతీగనే కాపాడుతూ వచ్చానని అప్పటికి ఆమెకు అర్థమైంది. ఇక చుట్టనంది.

“చుట్టవా? మరి నీళ్లెట్ల?” అని నల్లమ్మ అరిచింది.

“నీతోబాటే వస్తా, పెద్దమ్మా.”

కాలిన తీగచుట్టతో సహా మోటారును తీసుకెళ్లి పంచాయతీ ఆఫీసు గడపలో పెట్టింది. లావు తీగ లాగేదాకా చుట్టనని చెప్పింది. మరుసటి ఉదయం బిందె తీసుకొని, పై ఊరి కొళాయి దగ్గర నల్లమ్మ వెనక వరుసలో నిలబడింది.