రాణిని మార్చబోయిన రోజు

నాకు ఓపిక తక్కువ. మిరప చేలో మొక్క వాడితే రెండో రోజు దాకా చూడను, పీకేసి పోగుంట పెట్టేస్తాను. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, పోగుంట అంటే చచ్చిన మొక్క చోట కొత్త నారు నాటడం. మా పల్నాడులో మిరప వేసే ఇంట పుట్టినవాళ్ళకు ఈ పని చేతులకే వచ్చేస్తుంది, బుర్రతో అవసరం ఉండదు. చేలో ఖాళీ కనబడితే అక్కడ ఏదో ఒకటి గుచ్చేదాకా మనసు నిలవదు. ఆ అలవాటుతోనే ఒక తేనె పెట్టెను చేజేతులా చంపబోయాను.

మాది నడికుడి పక్కన ఊరు. ఇంటి వెనక, పశువుల పాకకీ కందిచేనుకీ మధ్య మూడు తేనె పెట్టెలు ఉండేవి. మొదటి ఏడు తేనె సంగతి ఎలా ఉన్నా వాటి రొద వినడమే నాకు పండగ. రెండో ఏడు పక్క చేనువాళ్ళు మిట్టమధ్యాహ్నం పూట మిరపకు మందు కొట్టారు. సాయంత్రానికి రెండు పెట్టెల ముందు ఈగలు చేటలకెత్తేటన్ని రాలిపడి ఉన్నాయి. ఈగలు మేతకు తిరిగే వేళ ఎందుకు కొట్టారని వెళ్ళి గట్టిగానే పోట్లాడాను. మందు కొట్టొద్దనడానికి నాకు మొహం ఎక్కడిది, మేమూ కొట్టేవాళ్ళమేగా! మూడో పెట్టె ఎలాగో మిగిలింది. అది కూడా పోతే జన్మలో మళ్ళీ ఈ జోలికి రానని ఒట్టు పెట్టుకున్నాను.

కార్తీకం వెళ్ళాక ఆ మిగిలిన పెట్టెలో తేడా కనిపించింది. పెట్టెలో చెక్క చట్రాలు వేలాడుతుంటాయి, వాటికి ఈగలు మైనంతో పట్టు కట్టుకుంటాయి. గుడ్లు పెట్టేది రాణి ఒక్కటే, గదికొకటి చొప్పున, వరస తప్పకుండా. మంచి రాణి తిరిగిన పట్టు నిండుగా మొలిచిన చేనులా ఉంటుంది. మా పట్టులో పది గదులకు నాలుగు ఖాళీ. నిండిన వాటిలోనూ పోతుటీగల పిల్లలే ఎక్కువ. అవి కూర్చుని తినే రకం, చుక్క తేనె తేవు. రాణిని తేలిగ్గా గుర్తుపట్టాలని ఏడాది కిందట దాని వీపు మీద ఎర్ర గోళ్ళరంగు చుక్క పెట్టాను. ఇప్పుడా చుక్క పట్టు మీద కుంటుకుంటూ పోతోంది. ఒక రెక్క చివర చిరిగిపోయింది.

అదే రోజు పట్టు మధ్యలో వేరుశనక్కాయల్లాంటి రెండు గదులు వేలాడటం చూశాను. రాణి పిల్లను పెంచే గదులు అవి. పెట్టెలు తెచ్చుకునే ముందు తీసుకున్న ట్రైనింగులో చెప్పిన వాటిలో నాకు బాగా గుర్తున్నది ఒకటే: అలాంటి గదులు కట్టాయంటే గుంపు పెట్టె వదిలి లేచిపోతుంది, వెంటనే కోసెయ్యాలి. వెనకా ముందూ చూడకుండా రెండూ కోసి కోళ్ళకు వేశాను. గుంపును ఆపానని మా ఆయన దగ్గర గొప్పలు కూడా పోయాను.

నెల తిరిగేసరికి ఈగలు ఇంకా పలచబడ్డాయి. మధ్యలో రెండుసార్లు మూత తీశాను గానీ, ఎర్ర చుక్క కనబడగానే మళ్ళీ మూసేసేదాన్ని. రాణి ఉంది, పనికిరానిది, అంతే అనుకున్నాను. దాన్ని తీసేసి కొత్త రాణిని పెట్టాలని అప్పటికే సగం తేల్చుకున్నాను.

నాలుగిళ్ళ అవతల ఒక బాబాయి ఉన్నాడు. వరసకే బాబాయి, చుట్టరికం ఏమీ లేదు. మోకాళ్ళు పోయేదాకా నాపరాయి క్వారీలో పలకలు తీసిన మనిషి. పేర్చిన పలకల సందుల్లో ఈగలు గూడు పెడితే మిగతా కూలీలు మంట పెట్టి తోలేవాళ్ళు. ఆయన మాత్రం వట్టి చేతులతో గుంపును కుండలోకి ఎక్కించి ఇంటికి తెచ్చుకునేవాడు. ఆయన దగ్గర ఒక చిన్న పెట్టెలో ఈ ఏడే పుట్టిన రాణి ఉందని తెలిసి వెళ్ళి అడిగాను. ఇస్తాననలేదు, ఇవ్వననీ అనలేదు. ఎల్లుండి ఎండెక్కాక వస్తానన్నాడు.

ఆ రెండు రోజులూ తిన్నది ఒంటబట్టలేదు. కొత్తది రావాలంటే పాతది ఉండకూడదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. అంటే పాత రాణిని వెతికి పట్టుకుని నా వేళ్ళతో నేనే నలిపెయ్యాలి. నలిపాక ఈగలు కొత్తదాన్ని ఒప్పుకోకపోతే? కొత్త రాణిని పెంచుకోవడానికి వాటి దగ్గర మంచి గుడ్డు ఒక్కటీ ఉండదని నా లెక్క. పెట్టె పోయినట్టే. నలపకపోతే ధనియాల పూత అయ్యేలోపు ఎలాగూ పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మా ఆయనకు ఇందులో ఆలోచించాల్సిందేముందో అర్థం కాలేదు.

“మిరప మొక్క చస్తే ఏం జేస్తన్నాం మనం? ఇదీ అంతేగా. దాన్ని పీకి కొత్తది పెట్టు,” అన్నాడు.

నిజానికి నేనూ అదే అనుకున్నాను. కాకపోతే మిరప మొక్కను పీకేటప్పుడు అది కాళ్ళు ఆడించదు.

అన్న రోజున పది గంటల వేళ బాబాయి వచ్చాడు. చొక్కా జేబులో బొటనవేలంత జాలీ డబ్బా, అందులో కొత్త రాణి, తోడుగా నాలుగు ఈగలు. పిడక పొగ పెట్టి మూత తీశాం. రెండో చట్రం పైకెత్తగానే ఎర్ర చుక్క కనబడింది. రెక్కలు పట్టి ఎత్తాను. రాణి మనుషుల్ని కుట్టదు. ఆరు కాళ్ళూ గాలిలో ఆడిస్తోంది, పట్టు ఎక్కడుందా అని వెతుక్కుంటున్నట్టు. కళ్ళు మూసుకుని నలిపేద్దామనుకున్నాను.

“ఆగమ్మాయ్,” అన్నాడు బాబాయి. “మిగతా చట్రాలు చూశావా?”

నాకు చిర్రెత్తుకొచ్చింది. మనసు గట్టి చేసుకున్న క్షణంలోనా అడిగేది? రాణి దొరికాక ఇంకా చూడటానికేముందని విసుక్కున్నాను.

“చూసి చంపు. చంపినాక చూసి ఏం లాభం?”

రాణిని గుప్పిట్లో వదులుగా పట్టుకుని నిలబడ్డాను. ఆయన ఒక్కొక్క చట్రమే ఎత్తి ఎండకు తిప్పి చూస్తూ వెళ్ళాడు. చివరి నుంచి రెండోదాన్ని తిప్పి నా ముందు పట్టాడు.

గుడ్లు. ప్రతి గది అడుగునా ఒక్కొక్కటి, నిటారుగా, నూక చివర విరిచి నిలబెట్టినంత. అరచేయంత మేర ఒక్క గది ఖాళీ లేదు. వాటి మధ్య పొడవాటి ఈగ ఒకటి తాపీగా నడుస్తోంది. వీపు మీద చుక్క లేదు. రెక్కలు నిండుగా, ఒళ్ళు నిగనిగలాడుతూ ఉంది. చట్రం అడుగు బద్దకూ పట్టు మడతకూ మధ్య, కత్తికీ కంటికీ అందని మూల, చివర తెరుచుకున్న వేరుశనక్కాయ గది ఒకటి ఖాళీగా వేలాడుతోంది.

బాబాయి అప్పుడు చెప్పాడు. తల్లి ఉడిగిపోతే ఈగలే కనిపెట్టి, దాని గుడ్లలో మంచిది ఒకటి ఎంచుకుని కూతుర్ని పెంచుకుంటాయట. లేచిపోవడానికి గదులు కడితే అంచుల్లో చాలా కడతాయి, తల్లిని మార్చుకోవడానికైతే మధ్యలో ఒకటో రెండో. నేను కోసి కోళ్ళకు వేసినవి అవే.

నేను చట్రాలు తిప్పి తప్పులు వెతకడానికి ముందే పది వేల ఈగలకు సంగతి తెలుసు. ఏం చెయ్యాలో కూడా తెలుసు. చేస్తుంటే నేను కోసేశాను. అవి మూడోది మొదలుపెట్టాయి. ఎవరు చెప్పారు వాటికి? ఎవరు ముందన్నారు, ఎవరు సరేనన్నారు? మా ఇంట్లో నలుగురం కూర్చుంటే ఏ విత్తనం వెయ్యాలో రెండు రోజులకు గానీ తేలదు.

ముసలిదాన్ని కిందికి దింపమన్నాడు బాబాయి. కూతురున్న పట్టు మీదికే. కొట్టుకు చస్తాయేమోనని భయపడుతూనే గుప్పిట తెరిచాను. అది నా వేలి చివరి దాకా కుంటుకుంటూ నడిచి పట్టు మీదికి దిగింది. చుట్టూ ఉన్న ఈగలు తలలన్నీ దానివైపు తిప్పాయి. ఒకటి ముందుకొచ్చి దాని నోట్లో నోరు పెట్టి మేత అందించింది. కూతురు అటుగానే వస్తోంది. రెండూ ఎదురుపడ్డాయి, మీసాలు తాకించుకున్నాయి. కూతురు పక్కకు తిరిగి ఒక గదిలోకి ఒళ్ళు దించి గుడ్డు పెట్టింది. రెండు గదుల అవతల తల్లి కూడా వంగింది. చిరిగిన రెక్కతో తడబడుతూ, అది కూడా ఒకటి పెట్టింది.

నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఈగల ముందు ఏడుస్తున్నానని సిగ్గేసింది గానీ ఆగలేదు. తెలియకుండానే రెండు చేతులూ జోడించాను. ఆ వేళ్ళ మధ్యే కదా ఇందాక దాన్ని పట్టుకున్నది!

బాబాయి తెచ్చిన రాణితో పని లేకపోయింది. జేబు మీద చెయ్యి వేసి చూసుకుని, దాని ఇంటికి దాన్ని చేర్చాలని బయల్దేరబోయాడు. నాకు మాత్రం ఇంకా ఏదో చెయ్యాలనే ఉంది. ముసలిదాన్ని వేరుగా ఉంచాలా, మేత పెట్టాలా, చట్రాలు మార్చాలా? చేతులు ఊరుకోవడం లేదు.

“ఇప్పుడేం చెయ్యాల బాబాయ్?” అన్నాను.

“మూతెయ్యి,” అన్నాడు.