పరిగెకు దిగిన అమ్మ

మా అమ్మ పోయింది. కొమరోలు నుంచి మా పుట్టింటి జీతగాడు పొద్దున్నే గిద్దలూరు వచ్చి మా గడప ముందు కూలబడినప్పుడే నాకు అర్థమైంది. ఏడ్చాను, ఎందుకేడవను? కాని కర్మాంతరాలు ముగించుకొని వచ్చి ఈ నాలుగు మాటలు రాయబోతే ఏడుపు రావడం లేదు. గర్వంగా ఉంది.

అమ్మ సన్నంగా, గాలికి పడిపోయేట్టు ఉండేది. ఎవరొచ్చినా ఆమె కుండలో ఇంత సంగటి మిగిలే ఉండేది. "తిన్నారా అని అడగబాకండే. అడిగితే తిన్నామనే చెప్తారు. పెట్టండి" అనేది మాతో.

మాది ఉమ్మడి కుటుంబం, పెత్తనం పెదనాయనది. ఆయన మాటకు మా నాయన ఎదురు చెప్పడు. నేను తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఏడాది వానలు మొహం చాటేశాయి. కూలి ఆడవాళ్లు కరువు పనుల్లో రోడ్డుకు కంకర కొట్టుకుంటున్నారు. మా కొర్ర చేను సగమే పండింది. కోత కాగానే రాలిన కంకుల్ని లేనివాళ్లు ఏరుకోవడం, అదే పరిగె, తాతల నాటి నుంచీ ఉన్నదే. ఆ ఏడు పెదనాయన గట్టు మీద కర్ర పట్టుకొని నిలబడ్డాడు.

"పరిగె లేదు గిరిగె లేదు, పొండి! మా గొడ్లకే చాలదు."

చంకన బిడ్డలతో వచ్చిన తల్లులు. ఆ కంకులు దొరక్కపోతే వాళ్ల పొయ్యి రాజదు. అమ్మ కొంగు నడుముకు దోపి, చేలోకి దిగి, కంకులు ఏరడం మొదలుపెట్టింది.

మా ఇళ్లలో మరదలు బావగారితో నేరుగా మాట్లాడదు, ఆయనా మాట్లాడడు. మధ్యన నేనున్నాను, నిండు చూలాలిని.

"ఏందే ఇది, మీ అమ్మకు చెప్పు! ఇంటి కోడలు పరిగె ఏరితే నేను ఊళ్లో తలెత్తుకునేదెట్ల?"

అమ్మ వంగిన నడుము ఎత్తకుండానే, ఊరంతా వినపడేట్టు అన్నది: "మీ పెదనాయనకు చెప్పు. తరిమేదుంటే ముందు నన్ను తరమమను. ఆనక వాళ్లను."

ఎవరికేం చెప్పను? ఇద్దరికీ వినపడుతూనే ఉందాయె! నవ్వాపుకోలేక కడుపు పట్టుకొని గట్టు మీద కూలబడ్డాను. ఇంటి కోడలి మీద కర్ర ఎత్తలేడు, ఆమెను వదిలి మిగతావాళ్లను తరమలేడు. పెదనాయన కర్ర పారేసి ఇంటిదారి పట్టాడు. అమ్మ తాను ఏరినదంతా ఆ తల్లుల ఒళ్లో పోసి వచ్చింది. గెలిచింది మా అమ్మ!

ఆ తర్వాత ఏ ఏడూ మా చేలో పరిగె ఆగలేదు. ఇక్కడ మా అత్తగారి చేలో నేనూ కోతగాళ్లను నాలుగు కంకులు రాలేట్టు చెయ్యి కాస్త వదులుగా పట్టమంటాను. "వదినకు పుట్టింటి జబ్బు" అని మా మరిది ఎగతాళి చేస్తాడు. ఈమధ్య ఆ జబ్బు ఆయన భార్యకూ అంటుకుంది.

అమ్మ కర్మ అయిన మర్నాడే కొర్ర కోత. ఆడవాళ్లు వచ్చారు గాని చేలోకి దిగలేదు. రమ్మనే మనిషి లేదు కదా! ఇంతలో పెదనాయన వచ్చాడు. ఆయనకిప్పుడు చూపు సరిగా ఆనదు.

"ఎవరే ఆడ నిలబడినారు? లోపలికి రాండమ్మా. మా మరదలు పోయింది గాని చేను యాడికీ పోలా."

ఎవరూ కదల్లేదు. పెదనాయన తడుముకుంటూ పోయి కోతగాళ్లు కట్టిన మోపు ఒకటి విప్పాడు. గుప్పిళ్లతో కంకులు లాగి, చేలో రాలుస్తూ నడిచాడు. ఒకామె చంకలో బిడ్డను గట్టు మీద దించి వంగింది. ఆమె వెనక ఇంకొకామె.