నా ఒడిలో ఆయన బెల్లం

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, మైదుకూరులో ఎక్కిన బస్సులో నా పక్కనున్న రైతు ఆగకుండా బెల్లం తింటున్నాడు. ఆకలి లేకుండా తినడం ఒట్టి జిహ్వచాపల్యమని గ్రంథాలయంలో చదివాను. అదే గొప్పగా ఆయనకు చెప్పాను.

"ఆకలి కాదప్పా. కర్నూలు ఆసుపత్రిలో నా కూతురికి ఈ పొద్దు ఆపరేషను. ఇది నోట్లో ఉంటేనే గుండెదడ తగ్గుతాండాది," అన్నాడు.

"అది మనసు బలహీనత," అన్నాను.

"సదువుకున్నోడివి, నువ్వే పెట్టుకోప్పా. నా కాడుంటే తింటా," అని సిగ్గుపడుతూ బెల్లం మూట నా ఒడిలో పెట్టాడు.

దిగులుపడ్డ మెదడు తీపిలో ఊరట వెతుక్కుంటుందని చాలా ఏళ్లకు మరో పుస్తకంలో చదివాను. ఆ రోజు అది తెలియడానికి పుస్తకం అక్కర్లేదు. నంద్యాల దాటాక ఆయన చేయి రెండుసార్లు మూట దాకా వచ్చి వెనక్కి పోయింది. నేను చూశాను. కర్నూల్లో దిగేదాకా ఇవ్వలేదు.