మెట్ల రెయిలింగును మింగిన రంపం

మా అక్కని చేసుకున్న బావ బతుకంతా లిఫ్టు మెకానిక్కుగా పనిచేశాడు. అంటే, ఊరందరినీ పైకి పంపించి తను మాత్రం కిందే ఉండిపోయిన మనిషన్నమాట. రిటైరయ్యాక ఆయన చేసిన మొట్టమొదటి ఘనకార్యం, మా అమ్మని మేడమీద ఇరికించడం.

ఆయన లెక్కలో లోకంలో ఉన్నవి రెండే జాతులు. వస్తువులు చేసేవాళ్ళు, కొనేవాళ్ళు. కొనేవాళ్ళని చెప్పులో ఇరుక్కున్న రాయిని చూసినట్టు చూస్తాడు. నేను కొనేవాణ్ణి. కొత్త గొడుగుతో కనిపిస్తే చాలు, "పాతదానికి ఒక్క పుల్లేగా విరిగింది?" అంటాడు జాలిగా. ఆయన స్వహస్తాలతో బాగుచేసిన గొడుగు మా అక్క దగ్గరుంది. అది తెరుచుకుంటుంది, మూసుకోదు. బస్సెక్కాల్సిన రోజున అక్క తడుస్తూ వెళుతుంది.

అమ్మ వాళ్ళింట్లోనే ఉంటుంది. పడక మేడమీద గదిలో, బతుకు మాత్రం కింద వీధి గుమ్మంలో. పొద్దున్నే మెట్ల రెయిలింగు పట్టుకుని దిగి, గుమ్మంలో కుర్చీ వేసుకుని, దారే పోయేవాళ్ళని ఆపి వాళ్ళ దగ్గర కొత్త కబురు లాగి, తన దగ్గరున్న పాత కబురు అంటగట్టి పంపుతుంది. మోకాళ్ళు అరిగాక ఆ రెయిలింగే ఆవిడకి మూడో కాలు.

ఒకనాడు ఆ కాలు కాస్త ఊగుతోందంది. అడుగున బోల్టు ఊడిపోయింది, అంతే. బావ రెయిలింగు మొత్తం పీకేశాడు. "కొత్త ఇనప గొట్టాలతో వేస్తానత్తయ్యా. మీ మునిమనవలు కూడా పట్టుకుని దిగుతారు" అన్నాడు.

గొట్టాలు వచ్చాయి. వాటిని కోయడానికి ఇంట్లో చేతిరంపం ఉంది. వీధి చివర వెల్డింగు షాపువాడు టీ చల్లారేలోపు కోసిస్తాడు. కానీ బావ దృష్టిలో చేత్తో కోసేవాడు గాడిద, షాపుకి మోసుకెళ్ళేవాడు గాడిదకి తమ్ముడు. అందుకని ఇనుము కోసే బ్యాండ్ సా తనే తయారుచేస్తానన్నాడు. రెండు చక్రాల మీద పళ్ళున్న ఉక్కు పట్టీ బెల్టులా తిరుగుతూ కోసే రంపం అది.

చక్రాలు పాత స్కూటరువి. మోటారు ఎవరో పారేసిన వాషింగ్ మెషీన్ది. నిదానంగా తిరిగితేనే ఇనుము తెగుతుందని పిండిమరవాడు వదిలేసిన పెద్ద కప్పీ తెచ్చి తగిలించాడు. ఇక వీటన్నిటినీ మోయడానికి గట్టి చట్రం కావాలి. ఇల్లంతా వెతికాడు. మూలన పాత రెయిలింగు కనిపించింది.

నేను పొరపాటున రాయలేదు. మెట్లకి రెయిలింగు చెయ్యడానికి కావలసిన యంత్రాన్ని మెట్ల రెయిలింగుతోనే చేశాడు. ఆ రెయిలింగుని ముక్కలు కోసింది దేంతో అంటారా? చేతిరంపంతో.

అమ్మ పైనే ఉండిపోయింది. "బావా నేనూ కలిసి ఎత్తి దింపుతామే" అన్నాను.

"నేనేం బీరువానా?" అంది.

అన్నం పైకెళ్ళేది, పేపరు పైకెళ్ళేది, వీధి కబుర్లు మాత్రం మెట్లెక్కేవి కావు. ఆవిడ మొహం రోజురోజుకీ చిన్నదైపోతోంది. ఆ గది కిటికీ పెరటివైపు. అక్కణ్ణించి కనిపించేది బావ రేకుల షెడ్డొక్కటే. కనక ఆవిడ తిట్లన్నీ సూటిగా షెడ్డుమీదే పడేవి.

"అల్లుడుగారూ! అయిందా?"

"అవుతోందత్తయ్యా!"

"మీది ఎప్పటికవుతుందో గాని, ఈలోగా నా పనే అయిపోయేట్టుంది!"

అసలు గండం పట్టీ దగ్గరుంది. అది పొడుగ్గా రిబ్బనులా వస్తుంది. రెండు కొసలూ కలిపి, ఇత్తడి కరిగించి అతికితే వలయంలా మూసుకుంటుంది. బావ అతికినవి అతికినట్టే విరిగేవి. తప్పు ఇత్తడిది, కాకపోతే గాలిది. ఒకసారి నాది. పక్కన నిలబడి గట్టిగా ఊపిరి వదిలానట.

ఆ ఆదివారం నేను గుమ్మంలో అడుగుపెట్టేసరికి షెడ్డులోంచి కేక. "బావమరిదీ! నిలిచిందోయ్! ఈసారి నిలిచింది!"

పరిగెత్తాను. అతుకు నిగనిగలాడుతోంది. వంచి చూపించాడు, లాగి చూపించాడు. చెక్కు చెదరలేదు.

"ఇంకేం, చక్రాలకి తగిలించు బావా" అన్నాను.

తగిలించబోయాడు. పట్టీ రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగాడు. కిటికీ కిర్రుమంది.

అతికేటప్పుడు పట్టీ ఎగిరి మొహాన కొట్టకుండా, దాన్ని షెడ్డు కిటికీ ఊచల్లోంచి దూర్చి, రెండు కొసలూ ఇవతలికి తెచ్చుకున్నాడు మహానుభావుడు. అలాగే అతికేశాడు. ఇప్పుడా వలయం మధ్యలో ఒక ఊచ ఉంది, వేలికి ఉంగరం తొడిగినట్టు.

టీ తెచ్చిన అక్క చాలాసేపు చూసింది. "ఏమండీ, దీన్ని ఇక్కడే తిప్పుతారా, కిటికీతో సహా ఊడదీస్తారా?"

"పట్టీ మాత్రం కొయ్యను. ఇలాంటి అతుకు మళ్ళీ పడదు" అన్నాడు బావ.

గోడకి వేలాడుతున్న చేతిరంపం అందుకుని, ఊచని అడుగున కోయడం మొదలెట్టాడు. చెమటలు కారుతున్నాయి. గాడిద అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. వయసులో పెద్దవాడని మింగేశాను.

అక్క మింగలేదు. "ఇదే చెయ్యి, ఇదే రంపం. ఆ గొట్టాలమీద పెట్టుంటే అమ్మ ఈపాటికి వీధిలో సగంమందికి సంబంధాలు కుదిర్చేసేది."

ఊచ తెగింది. పక్కకి వంచి పట్టీ విడిపించి చక్రాలకి ఎక్కించాడు. స్విచ్చి వేశాడు. నేను తలుపు చాటుకి తప్పుకున్నాను.

చెప్పడానికి మనసొప్పడం లేదు గానీ, గొట్టం సొరకాయలా తెగింది. అంచు గీత గీసినట్టుంది. బావ ఆ అంచుమీద బొటనవేలితో రాస్తూ నా వంక చూశాడు. నేను రేకుల కప్పు వంక చూశాను.

సాయంత్రానికి రెయిలింగు నిలబడింది. అమ్మ రెండు చేతులతో పట్టుకుని ఊపి చూసి, ఒక్కో మెట్టే దిగింది. దిగి వీధి గుమ్మంలోకి పోలేదు, తిన్నగా షెడ్డులోకి నడిచింది. యంత్రం చట్రంమీద ఒకచోట రంగు అరిగి ఇనుము నున్నగా తేలి ఉంది. అక్కడ చెయ్యి వేసింది. ఆ చేతికోసమే అరిగినట్టు సరిపోయింది.

"ఇది నా రెయిలింగు కదూ?"

"అవునత్తయ్యా."

"ఒక్క బోల్టు బిగిస్తే సరిపోయేదిగా, అల్లుడుగారూ!"

బావ నేల చూపులు చూశాడు. "బోల్టు కొనాలి కదత్తయ్యా."

అమ్మ చట్రంమీంచి చెయ్యి తీసింది. వెళ్ళి గుమ్మంలో కుర్చీలో కూలబడింది. ఎదురింటావిడ, "ఏమిటి పిన్నిగారూ, బొత్తిగా నల్లపూసైపోయారు?" అని పలకరించింది.

"మా అల్లుడుగారు మెట్లకి రెయిలింగు చేశారమ్మా. అది కోసే యంత్రం కూడా తనే చేసుకున్నారు" అంది అమ్మ, ఇంట్లో ఎవరికో వచ్చిన జబ్బు పేరు చెప్పినట్టు.

చీకటిపడేదాకా అదే చెప్పింది. అడిగినవాళ్ళకి చెప్పింది, అడగనివాళ్ళని ఆపి మరీ చెప్పింది.