బోర్డు సగం నిండాక వచ్చిన పిల్ల

2012 జూన్‌లో పాల్మాకుల దగ్గర ఒక చిన్న ట్రస్టు ఆరు, ఏడు, ఎనిమిది తరగతులతో కొత్తగా బడి తెరవబోతూ, ఎండాకాలానికి ముందే నన్ను హెడ్మిస్ట్రెస్‌గా రమ్మంది. అప్పటికే పదిహేడేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. మా ఇల్లు బడంగ్‌పేట్‌లో. ఆరాంఘర్‌లో బస్సు మారి, ఎయిర్‌పోర్టుకు పోయే కార్ల మధ్య ఇరుక్కుంటూ వచ్చినా ఎనిమిదిన్నరకల్లా గేటు దగ్గర ఉండేదాన్ని.

కొత్త బడి అనగానే అందరూ గోడలు, బెంచీలు అనుకుంటారు. అసలు చాకిరీ అంతా కాగితం మీద ఉంటుంది. ఏ నెలలో ఏ పాఠం, ఏ సబ్జెక్టుకు వారానికి ఎన్ని గంటలు అని రాసుకునేది యాన్యువల్ ప్లాన్. దాన్ని రోజుల్లోకి, గంటల్లోకి విడగొడితే టైమ్‌టేబుల్. ఎండాకాలమంతా కూర్చుని రెండూ నేనే తయారుచేశాను. ఏడో తరగతి లెక్కలు నావే కాబట్టి వాటిని మొదటి పీరియడ్‌లో పెట్టుకున్నాను. పొద్దున బుర్ర తేటగా ఉంటుంది, లెక్కలు అప్పుడే చెప్పాలి అని ట్రైనింగ్ రోజుల్నుంచీ నాకు వేదవాక్కు. తెలుగు చెప్పే నర్సింలు సారుది ఆ ఊరే. ఇక్కడి పిల్లలకు పొద్దున్నే కాస్త కష్టమవుతుందేమో చూడండి మేడం అని మెల్లగా అన్నారు. నేను వింటేనా? నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఆ చుట్టుపక్కల బంతి, చామంతి తోటలు ఎక్కువ. ఎండ ముదరకముందే పూలు తెంపి మార్కెట్ ఆటోకు ఎక్కించాలి. అందుకని ఏడో తరగతిలో తొమ్మిది మంది రోజూ ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చేవాళ్లు. నేను తిట్టలేదు. రావడమే గొప్ప అనుకుని, వెనక బెంచీలో కూర్చోమనేదాన్ని. పైగా వాళ్ల హాజరు పోకూడదని పీరియడ్ అయ్యాకే రిజిస్టర్ తీసేదాన్ని. కొత్త బడికి హాజరు బాగుండాలి కదా! రిజిస్టర్ చూసుకుని, నా అంత మంచి టీచరు లేదని మురిసిపోయాను కూడా.

క్వార్టర్లీ పరీక్షలొచ్చాయి. ఆ తొమ్మిది మందిలో స్వప్న అనే పిల్లకు తెలుగులో, సైన్సులో మంచి మార్కులొచ్చాయి. లెక్కల్లో మాత్రం యాభైకి నాలుగు. ఈ పిల్లకు లెక్కల మీద ధ్యాస లేదని తేల్చేసి ప్రోగ్రెస్ కార్డు మీద ఎర్ర ఇంకుతో ‘శ్రద్ధ లేదు’ అని రాసి పంపించాను.

దసరా సెలవులు అయిపోగానే వాళ్ల నాన్న యాదయ్య ఆ కార్డు పట్టుకుని వచ్చాడు. వెనకాల స్వప్న, కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఆయన గొడవేమీ పెట్టుకోలేదు.

"పిల్లను ఇడిపిస్త మేడం. లెక్కలు రాకుంటే పదోది గట్టెక్కదంటున్నరు. దీని తల్లికి నడుము పట్టుకున్నది. రాని సదువుకు తోలే బదులు తోటల అక్కరకొస్తది" అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. శ్రద్ధ పెడితే ఎందుకు రాదో చూపిస్తానని స్వప్న లెక్కల నోటుబుక్ తెప్పించి ఆయన ముందే తెరిచాను. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, ఒక్క కొట్టివేత లేదు. కానీ ప్రతి పేజీలో పై సగం ఖాళీ. తేదీ కింద తెల్లగా వదిలేసి, ఉదాహరణ మూడు దగ్గర్నుంచి రాసింది. పేజీలు తిప్పుతూనే ఉన్నాను, జూన్ నుంచీ అంతే.

ఇదేంటి తల్లీ అని అడిగాను. తల వంచుకుని చెప్పింది.

"నేనొచ్చేటాళ్లకు బోర్డు సగం నిండి ఉంటది టీచర్. మీరు మొదట చెప్పింది మళ్ల రాసుకుందామని జాగ ఇడిసిన."

లెక్క ఎలా మొదలుపెట్టాలో నేను చెప్పేది మొదటి ఇరవై నిమిషాల్లోనే. ఆ పిల్ల దాన్ని నాలుగు నెలలుగా ఒక్క రోజూ వినలేదు. నా రిజిస్టర్‌లో మాత్రం రోజూ హాజరు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. యాదయ్య ముందే ఎర్ర ఇంకు మాట కొట్టేసి, తప్పు నాదన్నాను. హాఫ్ ఇయర్లీ దాకా ఆగమని బతిమాలాను. ఆయన కూతురి వంక, ఆ ఖాళీ జాగాల వంక చూశాడు.

"సరే మేడం, గా పరీక్ష దాక చూస్త. అప్పుడు గూడ గిట్లనే ఉంటే ఇగ నన్ను ఆపకుండ్రి" అన్నాడు.

ఆ సాయంత్రం టైమ్‌టేబుల్ చింపేశాను. లెక్కల్ని మూడో పీరియడ్‌కు జరపడం తేలికే, మొదటి పీరియడ్ ఎవరు తీసుకుంటారు? మా పాఠం పోయినా ఫరవాలేదా అని సోషల్ టీచరు అలిగింది. చివరికి నర్సింలు సారే ముందుకొచ్చి, ఆ గంటలో కథల పుస్తకాలు చదివిస్తానన్నారు. నేను చెబితే వినలేదు కదా అని ఒక్క మాట దెప్పవచ్చు. దెప్పలేదు. అది ఇంకా గుచ్చుకుంది. ఆ తొమ్మిది మందికీ మధ్యాహ్నం అన్నాలయ్యాక జూన్ పాఠం దగ్గర్నుంచి మళ్లీ చెప్పాను. వెనకబడిన వాళ్లకు విడిగా చెప్పే ఇలాంటి క్లాసును మేం రెమిడియల్ అంటాం. నాకైతే అది పాప పరిహారమే.

హాఫ్ ఇయర్లీ పేపర్లు దిద్దేటప్పుడు స్వప్నది కట్ట అడుగున పెట్టాను, చూడాలంటే భయం. యాభైకి ముప్పై ఒకటి! మార్కులు రెండుసార్లు కూడి చూశాను. గుండె మీది బండ దిగినట్టయింది.

యాదయ్య అన్న మాట ప్రకారం వచ్చాడు. కార్డు చూపించాను. ఆయన నోటుబుక్ అడిగాడు. చదవడం రాదు, పేజీలు మాత్రం తిప్పుతూ పోయాడు. కొత్త పేజీలే కాదు, జూన్ పేజీలు కూడా పైనుంచి కింది దాకా నిండి ఉన్నాయి. వదిలిన జాగాలన్నీ మధ్యాహ్నం క్లాసుల్లో రాసుకుంది. పుస్తకం మూసి కూతురి చేతిలో పెట్టి, "ఎనిమిదికి గూడ పేరు రాసుకోండ్రి మేడం" అన్నాడు.

టైమ్‌టేబుల్ వేసే ముందు పిల్లలు బడికి రాకముందు ఏం పని చేసి వస్తారో అడగాలని నాకు నేర్పింది స్వప్నే. ఇప్పటికీ జూన్‌లో మొదటి రోజు పుస్తకం తెరవను. పొద్దున ఎన్నింటికి లేచారు, ఏం చేసి వచ్చారు అని ఒక్కొక్కరినీ అడిగి రాసుకుంటాను. హాజరు మాత్రం, పాఠం మొదట్లో ఎవరు లేరో తెలియాలని, బెల్లు కొట్టగానే తీసుకుంటాను.