మధ్యవాళ్లు లేని దారి

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కానీ మా కడప, అన్నమయ్య జిల్లాల ఆడపిల్లలకు కువైట్ రావడానికి "కొత్త దారి" ఉందని ఎవరో ఒకరు ఇంకా చెబుతూనే ఉన్నారు. వాళ్లలో ఒక్కరైనా విమానం ఎక్కేముందు చదువుతారని రాస్తున్నాను.

నేను కువైట్‌లోని ఎగైలాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవర్‌ని. బడి చదువు మధ్యలోనే ఆగిపోయినా, మా మండలంలోని శాఖా గ్రంథాలయంలో నేను తెరవని పుస్తకం లేదు. ఆ మాట కాస్త గర్వంగానే చెప్పుకుంటాను. ఇక్కడ అబ్బాసియాలో ఒక తెలుగు టైలర్ తన షాపులో, గుడ్డల తానుల పక్కన, పుస్తకాల బీరువా పెట్టాడు. శుక్రవారం ఒకటి తెచ్చుకుని, మా ఇంటి మేడం మాల్‌లో ఉన్నంతసేపూ కారులో కూర్చుని చదువుతాను.

ఆ వారం తెచ్చుకున్నది యూరప్ నావికుల చరిత్ర. మలబారు మిరియాలు ఒకప్పుడు ఓడల్లో ఎర్రసముద్రానికో, మా ఎదుట ఉన్న ఈ సముద్రం మీదుగా బస్రాకో చేరేవి. అక్కడి నుంచి ఒంటెల మీద, మళ్లీ ఓడల్లో వెనిస్‌కు. ప్రతి రేవులో సుంకం, ప్రతి చేతిలో లాభం. అందుకే పోర్చుగల్ రాజులు ఆఫ్రికా చుట్టూ తిరిగైనా సరే, పండేచోటే కొనాలని ఓడలు పంపారు. ఇదంతా చదివి ఉండబట్టలేక చెల్లెలికి ఫోన్‌లో చెప్పాను. తను అప్పటికే ఇంటిపనికి కువైట్ రావాలని ఒక ఏజెంటుతో మాట్లాడుతోంది.

కొన్నాళ్లకు, మాల్ బయట కారులో ఉండగా తన గొంతు మెసేజ్ వచ్చింది.

"అన్నా, మద్రాసుకొచ్చినా. సాయంత్రం విమానం. నేరుగా కువైట్‌కు కాదంట. ముందు వేరే దేశానికి టూరిస్టు మాదిరి పోవల్లంట. ఆడ్నుంచి వాళ్లే పంపిస్తారంట."

వెంటనే ఫోన్ చేశాను.

"వీసా కాగితం ఇచ్చినాడా? నిన్ను పనిలో పెట్టుకునే కఫీల్ ఎవరు? ఎవరింట్లో పని?"

"ఆడికి పోయినాక చెప్తారంట. ఏందన్నా, పోలీసు మాదిరి అడుగుతాండావు? సుట్టుదారైనా మధ్యలో ఎవురూ ఉండరంట. నువ్వే చెప్తివి గదా, ఆ తెల్లోళ్లు గూడా అట్లే పోయినారని!"

నా పుస్తకం నా మీదికే తిరిగింది. మిగతా సగం నేను తనకు ఆ కథ చెప్పిన తర్వాతే చదివాను. దారి వెతికించింది రాజులు, పెట్టుబడి పెట్టింది వ్యాపారులు. నెలల తరబడి నీళ్ల మీద చిగుళ్లు వాచి చచ్చింది మాత్రం ఓడలో పనిచేసిన కూలీలు. అది చెప్పబోయేలోగా మేడం కారు అద్దం మీద కొట్టింది.

"యల్లా, యల్లా!"

పద పదమని తొందర. బ్నీద్ అల్ గార్‌లో వాళ్ల అక్క ఇంటికి వెళ్లాలట. మేడం వెనక కూర్చుని ఉంటే ఫోన్ ముట్టుకోవడానికి లేదు. ప్రతి సిగ్నల్ దగ్గరా గడియారం చూసుకున్నాను. చెల్లెలు విమానం ఎక్కేసిందేమో, ఆ దేశంలో దిగాక ఏ ఇంట్లో పెట్టి తాళం వేస్తారో అని ఒకటే ఆలోచన. మేడం లోపలికి వెళ్లగానే మళ్లీ చేశాను. అప్పటికి విమానాశ్రయం గేటు ముందు లైనులో ఉంది, ఏజెంటు పక్కనే ఉన్నాడు.

"పాపా, పుస్తకం సంగతి వద్దు. దిగినాక నిన్ను పిలుచుకోను వచ్చేవాని పేరేందో ఏజెంటును అడుగు. నేను లైన్లోనే ఉంటా."

అడిగింది. ఏజెంటు జవాబు నాకూ వినిపించింది. "పేరెందుకమ్మా? నీ ఫొటో వాళ్లకాడ ఉంది. వాళ్లే పట్టుకుంటారు. పో, పో!"

తను గొంతు తగ్గించింది.

"అన్నా, పట్టుకుంటారంట. గొర్రెను పట్టుకున్నెట్లా?"

"పాస్‌పోర్టు యాడుంది?"

"ఇప్పుడే ఇచ్చినాడు, గేటులో సూపిచ్చల్ల గదా."

"చేతిలోంచి వదలాకు. బాత్రూముకని చెప్పి, అట్నే రోడ్డు మీదికి నడువు."

ఫోన్ కట్టయింది. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. పుస్తకం తెరిచాను. ఒక్క అక్షరమూ బుర్రకెక్కలేదు. మేడమ్‌ని తిరిగి ఇంటి దగ్గర దింపుతుంటే, "ఏమైంది, జ్వరమా?" అని అడిగింది. కారు షెడ్డులో పెట్టాక మెసేజ్ వచ్చింది. ముందు కండక్టరు గొంతు, "తిరుపతి, తిరుపతి!" అని. ఆ తర్వాత తను.

"బస్సెక్కినా. లైన్లో ఒక పెద్దామె నన్ను సూసి ఆటో ఎక్కిచ్చింది. వాడు ఫోను మీద ఫోను చేస్తాండాడు. నేను కువైట్‌కు వచ్చేది వచ్చేదే, సూడు. సక్కంగా కాగితాలతో వస్తా. నీ తెల్లోళ్ల కతలు మాత్రం ఇంక చెప్పాకు."

సాయం చేసినవాళ్లలో తెలిసినవాళ్ల పేర్లైనా రాయాలనే ఉంది. కానీ ఆ ఏజెంటు ఇంకా మా ఊరి చుట్టుపక్కలే తిరుగుతున్నాడు. అందుకని పేర్లు లేకుండానే మొక్కుతున్నాను: పుస్తకం ఇచ్చిన టైలరన్నకు, ఆ సాయంత్రం ఇంకే పనీ చెప్పకుండా నన్ను వదిలేసిన మేడమ్‌కు, ముక్కూ మొహం తెలియని ఆ పెద్దామెకు, ఎవరి కేక వింటే నాకు ఊపిరి వచ్చిందో ఆ తిరుపతి బస్సు కండక్టరుకు. చెల్లెలికి ఇంకా నా మీద కోపమే. తను ఫోన్ చేసిన ప్రతిసారీ, బాగున్నావా అనడానికి ముందే "యాడుండావు?" అని అడుగుతున్నాను.